సంతలో అమ్మే ‘పచ్చ మునియా’లను కొని వదిలేయవచ్చా?

తర్వాత చదివేవారికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీది కావలి. వారపు సంత దగ్గర ఒకతను సైకిలుకు పంజరాలు కట్టుకుని రంగురంగుల చిన్న పిట్టలు అమ్ముతుంటే మీ పాప ముచ్చటపడిందని ఆరింటిని కొన్నారు. అందులో పచ్చగా ఉన్న మూడింటిని అతను ‘పచ్చ మునియా’ అన్నాడు. ఇంటికి వచ్చి వెతికితే అది అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి అని తెలిసింది. అవి నిజంగా అవేనా, ఊరి బయట పొలాల్లో వదిలేయవచ్చా, మీ స్నేహితులంతా చందాలు వేసుకుని అతని దగ్గరున్న మిగతావన్నీ కొని ఎగరేస్తే ఎలా ఉంటుంది, ఎవరికి చెప్పాలి, చెబితే మీ మీదే కేసు పెడతారా అని అడిగారు.

చందాల సంగతి ముందు చెబుతాను, వచ్చే సంతలోగా ఆపవలసింది అదే కాబట్టి. దయచేసి ఆ పని చేయకండి. జాలితో కొన్నా అది కొనుగోలే. అమ్మేవాడికి మీ జాలి కనబడదు, సరుకు ఎంత త్వరగా అమ్ముడుపోయిందో కనబడుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముప్ఫై ఏళ్ళుగా పక్షులను చూస్తున్నాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్తిక సోమవారం గుడి ముందు ఒకతని దగ్గరున్న పిట్టలన్నీ కొని, పిల్లల చేత ఎగరేయించాను. పద్దెనిమిది పిట్టలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎంతో పుణ్యం చేసినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మరుసటి సోమవారం అతను నేరుగా మా ఇంటి గేటు దగ్గరకే వచ్చాడు. ‘మాస్టారూ, ఈసారి నలభై తెచ్చాను’ అన్నాడు. వెదురు బుట్ట మీద కప్పిన గోనె గుడ్డ తీసి చూపించాడు. అడుగున తొమ్మిది చచ్చిపడి ఉన్నాయి. మిగిలినవి వాటి మీదే నిలబడి నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఆ నలభై నా కోసం పట్టినవి. నేను ఇచ్చిన డబ్బే వాటి మీద వలై పడింది. అప్పటి నుంచి నేను ఒక్క పిట్టనూ కొనలేదు, ఎవరినీ కొననివ్వలేదు.

ఇక మీ పిట్టల సంగతి. మీరు పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఆ మూడూ పచ్చ మునియాలు కావు. అసలు పచ్చ మునియాకు ముక్కు ఎర్రగా ఉంటుంది. వీపు ఆలివ్ పచ్చ, పొట్ట పసుపు. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు పక్కల మీద, రెక్క కింది భాగాన నలుపూ తెలుపూ అడ్డచారలు. ఆ చారలను రంగు వేసి తెప్పించడం సంతలో అమ్మేవాడి వల్ల కాదు. మీ ఫొటోలోని పిట్టలకు ముక్కు వెండి బూడిద రంగులో మొద్దుగా ఉంది, తోక నల్లగా సూదిగా ఉంది, ఒకదానికి నడుము దగ్గర రంగు అంటని తెల్లటి మచ్చ బయటపడింది. ఇవి మన పొలం గట్ల మీద, తుమ్మ చెట్ల మీద రోజూ కనిపించే మట్టిరంగు పిట్టలే. వెండిముక్కు మునియాలు అంటారు. పాతతరం వాళ్ళు ఈ జాతి పిట్టలను జీనువాయి అనేవారు. వాటికి రంగు పూశారు. మిగిలిన మూడింటిలో రెండు ఎర్ర మునియాలు, ఒకటి చుక్కల మునియా.

మీకు నమ్మకం కుదరకపోతే రెక్క ఈకలను వేలితో మెల్లగా విడదీసి మొదళ్ళు చూడండి. రంగు పైపైనే ఉంటుంది, మొదట్లో అసలు రంగు అలాగే ఉంటుంది. కాళ్ళ మీద, ముక్కు అంచున కూడా మరకలు దొరుకుతాయి. మా బంధువులింట్లో ఇలాగే కొన్న ‘పచ్చ పిట్ట’ను ఒకసారి చేతిలోకి తీసుకుని తడి దూదితో మెడ మీద తుడిచాను. దూది పచ్చబడింది, నా బొటనవేలు పచ్చబడింది. ఆ రంగు కింద వర్షానికి తడిసిన ఎండుగడ్డి రంగు బయటపడింది. ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయి చర్మం కనిపిస్తోంది. పది పన్నెండు గ్రాముల ప్రాణి. దాని గుండె విడివిడిగా కొట్టుకుంటున్నట్టు తెలియలేదు, అరచేతిలో ఏదో సన్నగా వణుకుతున్నట్టు ఉంది. మీరు మాత్రం అలా తుడవకండి. తడిస్తే ఒళ్ళు చల్లబడి చచ్చిపోతుంది. ఆ రోజు నేను చేసింది తప్పు, సాయంత్రానికి అది చనిపోయింది.

నకిలీ అని తేలింది కదా, ఇంక బెంగ లేదు అనుకోవద్దు. పచ్చ రంగు ఎందుకు పూస్తున్నారు? అసలు పచ్చ మునియాకు గిరాకీ ఉంది కాబట్టి. అసలుది మన దేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూ చుట్టుపక్కల, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లో అక్కడక్కడా మిగిలింది. చెరకు తోటల్లో, పొడుగు గడ్డిలో గూడు కడుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. దాని సంఖ్య తగ్గడానికి పంజరాల వ్యాపారమే పెద్ద కారణం. చూడముచ్చటైన రంగు, సన్నగా సాగే పాట, గింజలు వేస్తే చాలు కొన్నాళ్ళు బతికే తీరు, ఈ మూడూ దాని ప్రాణం మీదికి తెచ్చాయి. మునియాల వ్యాపారం ఎంత పాతదో వాటి శాస్త్రీయ నామమే చెబుతుంది. ఎర్ర మునియా, పచ్చ మునియా రెండూ ‘అమండవ’ అనే ప్రజాతికి చెందినవి. ఆ మాట అహ్మదాబాద్ అనే ఊరి పేరు నోళ్ళలో నలిగి అలా మారింది. ఒకప్పుడు ఈ పిట్టలను ఆ ఊరి నుంచే విదేశాలకు పంపేవారు. బతికిన చోటు పేరు కాకుండా అమ్ముడుపోయిన చోటు పేరు మోస్తున్న పక్షి ఇది.

‘మన ఎర్ర మునియాలు, జీనువాయిలు బోలెడన్ని ఉన్నాయి కదా’ అని చాలామంది నాతో వాదిస్తారు. ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది. జావా పిచ్చుక మునియాలకు దగ్గర బంధువు. ఒకప్పుడు ఇండోనేసియాలో వరి చేలమీద గుంపులు గుంపులుగా వాలి రైతులను విసిగించిన పిట్ట. పట్టి పట్టి అమ్మగా ఇప్పుడు తన సొంత దీవుల్లోనే అరుదైపోయింది. ప్రపంచమంతా పంజరాల్లో మాత్రం ఉంది, మన పట్టణాల్లోని పక్షుల దుకాణాల్లోనూ ఉంది. పసుపు రొమ్ము బంటింగ్ అనే ఇంకో చిన్న పిట్ట కథ అంతకంటే ఘోరం. అది ఉత్తరాసియాలో కోట్లాదిగా ఉండేది. చలికాలానికి దక్షిణానికి వలస వచ్చే దారిలో వలలు వేసి, తినడానికి పట్టారు. 2004 వరకు దాని గురించి ఎవరికీ ఆందోళన లేదు. 2017 వచ్చేసరికి అది అత్యంత ప్రమాదపు జాబితాలోకి చేరింది. పదమూడేళ్ళు, అంతే. మీ పాప వయసు ఎంతో నాకు తెలియదు కానీ, ఒక బడిపిల్ల పదో తరగతికి వచ్చేలోపు ఒక జాతి అలా కరిగిపోయింది. గుంపులుగా బతికే పిట్టలతో వచ్చే చిక్కే ఇది. ఒక్క వల విసురుకు గుంపుకు గుంపు పోతుంది. మిగిలినవి కూడా కనబడితే గుంపుగానే కనబడతాయి, కాబట్టి తగ్గినట్టు కంటికి ఆనదు.

ఎలా పడతారో తెలిస్తే ఎక్కడ ఆపవచ్చో తెలుస్తుంది. తెల్లవారుజామున, పిట్టలు మేతకు దిగే చోట నేల చదును చేసి గింజలు చల్లుతారు. పక్కనే చిన్న పంజరంలో పెంపుడు మునియాను పెడతారు. దాన్నే దీమం అంటారు. అది పిలుస్తుంది, పైన వెళ్ళే గుంపు తమవాళ్ళున్నారని నమ్మి దిగుతుంది. దూరంగా కూర్చున్నవాడు తాడు లాగితే రెండు వైపుల నుంచీ వల మూసుకుంటుంది. ఇంకొందరు మర్రి, రావి పాలతో కాచిన బంకను పుల్లలకు పూసి కంప మీద గుచ్చుతారు. బంక పద్ధతిలో ఈకలు ఊడిపోతాయి, వాటిలో చాలా వరకు అమ్మకానికి కూడా పనికిరావు. దీమంగా వాడిన పిట్ట ఏ పాపమూ ఎరగదు. ఒంటరిగా ఉండలేక పిలుస్తుంది, ఆ పిలుపే మిగిలినవాటి కొంప ముంచుతుంది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా ఈ ఒక్క విషయం దగ్గర మనసు గట్టిపడలేదు.

వల పట్టినవాడు మన చేలలోకి ఎలా వస్తాడు? రైతు రమ్మంటేనే వస్తాడు. మన దగ్గర అసలు పని చేయవలసింది ఇక్కడే. నెల్లూరు మాగాణి అంటే వరి. కంకి పాలు పోసుకునే రోజుల్లో మునియాలు గుంపుగా వాలి గింజను నొక్కి పాలు తాగేస్తాయి. ఆ నష్టం నిజం, దాన్ని కాదనకూడదు. ఒక ఊళ్ళో పెద్దాయన నన్ను నిలదీశారు: ‘అతను డబ్బు అడగడు, పిట్టల్ని పట్టుకుపోతాడు. నాకు మేలే కదా మాస్టారూ, మీకెందుకు బాధ?’ నేను ఆయనకు ఉపన్యాసం ఇవ్వలేదు. కోత అయిన తర్వాత ఒకరోజు ఉదయం ఆయనతో కలిసి గట్టు మీద కూర్చున్నాను. మునియాలు ఊదగడ్డి గింజలు వరుసగా దువ్వుకుని తింటున్నాయి. ఊద కలుపు తీయడానికి ఎకరాకు కూలి ఎంతవుతోందని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. మరుసటి ఏడాది పాలు పోసుకునే పది పదిహేను రోజులూ చేనుకు అడ్డంగా మెరిసే రిబ్బన్లు కట్టారు, పొద్దున, సాయంత్రం ఒక కుర్రాడిని డబ్బా ఇచ్చి కాపలా పెట్టారు. వలవాడు వస్తే మాత్రం ‘మా చేలో దిగొద్దు’ అన్నారు. ఒక్క రైతు ఆ మాట అంటే ఆ చుట్టుపక్కల అతనికి పని జరగదు, వల వేయడానికి నిశ్శబ్దం కావాలి కాబట్టి. మీ స్నేహితులు చందా డబ్బుతో ఏదైనా చేయాలనుకుంటే ఆ రిబ్బన్లు కొని రైతులకు ఇవ్వండి. గట్ల మీద గడ్డి, కాలువ ఒడ్డున జమ్ము తగలబెట్టకుండా నాలుగు గజాలైనా ఉంచమని అడగండి. మునియాలు గూడు కట్టేది, రాత్రి తలదాచుకునేది అక్కడే. రొయ్యల గుంటలు వచ్చిన చోట ఒడ్డులన్నీ నున్నగా గీకేశాక ఆ పిట్టలు ఎటు పోయాయో నేను కళ్ళారా చూశాను.

పట్టేవాళ్ళను తిట్టుకుంటూ కూర్చోవద్దని కూడా చెబుతాను. వాళ్ళు కడు పేదవాళ్ళు. వాళ్ళకు పిట్టకు దక్కేది కొద్ది రూపాయలు. మధ్యలో బుట్టలకొద్దీ కొని పట్టణాలకు రైళ్ళలో, బస్సుల్లో పంపేవాళ్ళు వేరే ఉంటారు. అధికారులకు సమాచారం ఇచ్చేటప్పుడు సైకిలు మనిషి పేరు కంటే అతనికి సరుకు ఎక్కడ దిగుతుందో, ఏ రోజు దిగుతుందో తెలిస్తే వంద రెట్లు మేలు.

చట్టం సంగతి సూటిగా చెబుతాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణ తర్వాత దేశీయ అడవి పక్షులను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం నేరం. రామచిలుకకూ ఇదే వర్తిస్తుంది. ‘ఇంట్లో పుట్టింది, పెంచుకున్నది’ అంటే చెల్లదు. 2022 సవరణతో జరిమానా లక్ష రూపాయల వరకు పెరిగింది, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఎక్కువ రక్షణ ఉన్న జాతులకైతే శిక్ష ఇంకా పెద్దది. మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే ఆస్ట్రేలియా బుడ్జీలు, కాకటీల్ వంటి విదేశీ పక్షులు ఈ నిషేధంలోకి రావు. వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్న విదేశీ జాతులు ఇంట్లో ఉంటే మాత్రం 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే వెబ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పైన చెప్పిన జావా పిచ్చుక ఆ జాబితాలోనిదే.

కాబట్టి మీ దగ్గర ఆ ఆరు పిట్టలు ఉండటం చట్టప్రకారం తప్పే. దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలియక కొన్నానని మీ అంతట మీరు వెళ్ళి అప్పగించండి. తెల్ల కాగితం మీద ఏ రోజు, ఎక్కడ, ఎంతకు కొన్నారో రాసి సంతకం చేయండి, రెండో ప్రతి మీద అందినట్టు రాయించుకోండి. నాతో వచ్చి అలా అప్పగించినవాళ్ళలో ఎవరినీ ఇబ్బంది పెట్టగా నేను చూడలేదు. మీకు దగ్గరున్న అటవీ రేంజ్ కార్యాలయం చాలు, లేకపోతే నెల్లూరులోని జిల్లా అటవీ అధికారి కార్యాలయం. సంతలో అమ్మకం జరుగుతుండగానే చెప్పాలంటే 112కు ఫోను చేయండి. రాష్ట్రాలు దాటే పెద్ద రవాణా అనిపిస్తే వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో ఉంది, దక్షిణ ప్రాంత కార్యాలయం చెన్నైలో. ఒకసారి నేను ఫిర్యాదు చేసిన చోట ‘చిన్న పిట్టల కోసం ఇంత దూరం వచ్చారా’ అని నవ్వి పంపేశారు. అలా జరిగితే వెనుదిరగకండి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి పై అధికారికి ఒక నకలు పంపండి. నాకు అలాగే పని జరిగింది.

ఫొటోలు తీసేటప్పుడు అమ్మేవాడితో గొడవ పడవద్దు. పంజరాలు, పిట్టలు, చుట్టుపక్కల గుర్తుపట్టే బోర్డు ఏదైనా, తేదీ, సమయం ఉంటే చాలు. ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పెడితే ఆ మనిషి మరుసటి వారం ఇంకో సంతకు వెళతాడు, అధికారులకు దొరికేది ఖాళీ జాగా. గూళ్ళ విషయంలోనూ అదే జాగ్రత్త. మన వెలిగొండ, నల్లమల రాతి కొండల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంది. అంతరించే ముప్పున్న పాటపిట్టల్లో మన జిల్లాల సొత్తు అనదగినది అదే. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ దాన్ని 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. దానికి పంజరం కంటే క్వారీల భయమే ఎక్కువ. అయినా ఫలానా బండ దగ్గర గూడు ఉందని నేను ఎక్కడా రాయను, ఎవరూ రాయకూడదు.

వదిలేయవచ్చా అన్నదానికి నా జవాబు: మీరు వదలవద్దు. రంగు పూసిన ఈకలు సరిగ్గా విచ్చుకోవు. కొన్నింటికి రెక్క ఈకలు కత్తిరించి ఉంటారు, అవి ఈకలు రాల్చి కొత్తవి వచ్చేదాకా ఎగరలేవు. డేగకూ పిల్లికీ పచ్చటి ముద్దలా దొరికిపోతాయి. ఇరుకు బుట్టల్లో వచ్చిన జబ్బు ఏదైనా ఉంటే ఊరి గుంపుకు అంటుతుంది. అప్పగించాక పశువైద్యుడు చూసి, ఈకలు వచ్చాక, వాటి జాతి గుంపు ఉన్న చోట వదిలితేనే బతుకుతాయి.

అప్పగించేదాకా ఇంట్లో ఇలా చూసుకోండి. పంజరం మీద పల్చటి నూలు గుడ్డ కప్పి, ఫ్యాను గాలి తగలని నీడలో పెట్టండి. కొర్రలు, సజ్జలు వేయండి. పాలూ బ్రెడ్డూ వద్దు. నీళ్ళు లోతు లేని మూతలో పెట్టండి, నోట్లో పోయకండి. ఈ ఒకటి రెండు రోజులూ పాప వేలు లోపల పెట్టి ముద్దు చేయకుండా చూడండి. మనకు ముద్దు, దానికి అది పిల్లి పంజా.

చివర ఒక మాట రాశారు, ఎర్ర మునియాల్లో ఒకటి పొద్దున్నే పాడుతోందనీ, అది పోతే పాప ఏడుస్తుందనీ. పంజరంలో ఎక్కువ కాలం ఉంచితే ఆ ఎర్రదనం నిలవదు, చాలా వాటికి ఈకలు నల్లబారిపోతాయి. వానలు పడ్డాక పొలం గట్ల మీద మగపిట్ట నిప్పుకణికలా ఎర్రబడి, ఒంటినిండా తెల్లటి చుక్కలతో, గడ్డి కంకిని పట్టుకుని వేలాడుతూ పాడుతుంది. కావలికి దగ్గర్లో అవి దిగే కాలువ గట్టు ఒకటి నాకు తెలుసు. పిట్టలను అప్పగించిన తర్వాతి ఆదివారం ఉదయం ఆరింటికల్లా పాపను తీసుకుని రండి, చోటు విడిగా చెబుతాను. నా దగ్గర బైనాక్యులర్ ఇంకొకటి ఉంది, పిల్లల కళ్ళకు సరిపోయేది.